హానోవర్ పాట, శ్రీకూర్మం టేపు

స్కార్పియన్స్ ఆల్బం ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’ మీలో చాలామంది వినే ఉంటారు. పూర్తిగా కాకపోయినా అందులో రెండు పాటలైనా చెవిన పడి ఉంటాయి. అయితే నా దగ్గరున్నది మీ దగ్గర లేదు. నాది 60 నిమిషాల క్యాసెట్టు. ఆల్బం నిడివి 40 నిమిషాల పైచిలుకు. ఒక్కో వైపు ఇరవై నిమిషాల పాటలు అయిపోయాక ఇంకో పది నిమిషాల టేపు మిగులుతుంది. అందులో ఏముందో చెప్పాలంటే ఆ క్యాసెట్టు మా ఊరికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

మాది శ్రీకూర్మం. శ్రీకాకుళం నుంచి బస్సెక్కితే అరగంట ప్రయాణం. విష్ణువు తాబేలు రూపంలో మూలవిరాట్టుగా ఉన్న గుడి మాది. తూర్పున ఒక ధ్వజస్తంభం, పడమర ఒక ధ్వజస్తంభం. ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు, వాటికి తోటకూర తినిపించే భక్తులు. స్తంభాల మీద గాంగుల కాలం నాటి శాసనాలు. ఫలానావాడు ఫలానా శక సంవత్సరంలో అఖండ దీపానికి ఇన్ని గొర్రెలిచ్చాడు లాంటి వివరాలన్నీ రాతి మీద చెక్కి పెట్టారు. చిన్నప్పుడు వాటి మీద వేళ్ళు పెట్టి తడుముకుంటూ తిరిగేవాళ్ళం. చదవడం మాకెవరికీ రాదు.

సముద్రం పక్కనే. మా వైపు మగవాళ్ళు ఊళ్ళో పనుల్లేక పారాదీప్, కాండ్లా, ముంబై వెళ్ళిపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. మా చిన్నమావయ్య ఓడల మీద ఫిట్టరు. 1989లో సెలవుకి వచ్చినప్పుడు ఒక టూ-ఇన్-వన్, అరడజను ఖాళీ క్యాసెట్లు తెచ్చాడు. ఒకరోజు సాయంత్రం అరుగు మీద అమ్మమ్మని కూచోబెట్టి పాడించాడు. ఊడుపు పాటలు, దంపుడు పాటలు, పెళ్ళిపాటలు, ఒక లాలి. రెండు వైపులూ నిండే దాకా పాడించి, క్యాసెట్టు వీపున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేశాడు. అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదని నాకు చూపించి మరీ చెప్పాడు. తర్వాతి ఓడకి పట్టుకెళ్దామనుకున్నాడు. వెళ్ళే రోజు హడావిడిలో మా ఇంట్లోనే మర్చిపోయాడు.

ఇక రెండో ఊరి సంగతి. జర్మనీలో హానోవర్ అనే నగరం ఉంది. బెర్లిన్ కాదు, మ్యూనిక్ కాదు. రాజధాని హంగూ లేదు, కళాకారుల ఊరన్న పేరూ లేదు. కానీ మనం ఇవాళ ‘రికార్డు’ అంటున్న వస్తువు చరిత్ర ఆ ఊరి చుట్టూనే తిరుగుతుంది. గుండ్రటి పళ్ళెం మీద పాటని గీతలుగా చెక్కే గ్రామఫోన్ కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1851లో పుట్టింది అక్కడే. 1898లో ఆయన కుటుంబం పెట్టిన డాయిష్ గ్రామఫోన్ కంపెనీ అక్కడిదే. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు, ఆ మైనపు మూసలు ఓడెక్కి హానోవర్ వెళ్ళాయి. అక్కడ అచ్చయి, పళ్ళాలై మళ్ళీ ఓడలో మన దేశానికి తిరిగొచ్చాయి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా ఇదే తంతు. అంటే మన పాట తొలిసారి పళ్ళెంగా మారింది హానోవర్‌లో అన్నమాట. ఆఖరికి 1982 ఆగస్టులో సీడీలు తయారు కావడం మొదలైంది కూడా హానోవర్ పక్కనే, లాంగెన్‌హాగెన్‌లో.

గ్రామఫోను వల్ల మనకి దక్కినవి చాలా ఉన్నాయి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919 నుంచి వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమానుని ఇవాళ ఫోనులో వినగలుగుతున్నామంటే ఆ పళ్ళాల పుణ్యమే. అయితే మా అమ్మమ్మ లాంటివాళ్ళ దగ్గరికి ఏ కంపెనీ మనిషీ మైనం పట్టుకుని రాలేదు. ఆవిడ పాట రికార్డవడానికి 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ వాళ్ళు చూపించిన చిన్న క్యాసెట్టు రావాలి, అది పాతికేళ్ళకి ఒక ఓడ ఫిట్టరు చేతికి అందాలి.

ఆ హానోవర్‌లోనే 1965లో రూడాల్ఫ్ షెంకర్ అనే గిటారు కుర్రాడు స్కార్పియన్స్ మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి తమ్ముడు మైకెల్, గాయకుడు క్లౌస్ మైనే వచ్చి చేరారు. మొదటి ఆల్బం ‘లోన్‌సమ్ క్రో’ 1972లో వచ్చింది. నేనది చాలా ఆలస్యంగా విన్నాను. అందులో వీళ్ళు ఇంకా వీళ్ళు కాదు. పొడుగాటి వాయిద్యాలు, దారి తెలీని నడక. మైకెల్ ఇంగ్లండు బ్యాండు యూ.ఎఫ్.ఓ.కి వెళ్ళిపోయాక, ఉల్రిష్ రోత్ అనే అద్భుతమైన గిటారిస్టు వచ్చాడు. 1975 నాటి ‘ఇన్ ట్రాన్స్’ నుంచి నిర్మాత డీటర్ డీర్క్స్ చెయ్యి పడింది. అక్కణ్ణుంచి గిటార్లు ఎంత గట్టిగా మోగుతున్నా పైన ఒక రాగం తేలుతూ ఉంటుంది. మెలడిక్ హార్డ్ రాక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: చప్పుడంతా తీసేసినా కూనిరాగం తియ్యడానికి ఏదో ఒకటి మిగిలే రాక్.

ఈ దశలో వినాల్సింది 1978 నాటి ‘టోక్యో టేప్స్’. జపాన్‌లో ప్రేక్షకుల ముందు రికార్డు చేసిన జోడు ఎల్పీ. అందులో ‘కోజో నో సుకి’ అనే పాత జపనీస్ పాటని క్లౌస్ మైనే జపనీస్‌లోనే పాడతాడు. జర్మనీవాళ్ళు, ఇంగ్లీషు పాటల బ్యాండు, జపాన్ వెళ్ళి జపాన్ పాట పాడుతున్నారు. నాకు వీళ్ళు ఎందుకు అర్థమయ్యారో ఆ పాట విన్నాకే తెలిసింది. ఇంగ్లీషు వీళ్ళది కాదు. నేర్చుకుని పాడుతున్నారు. మాటలు సులువు, వాక్యాలు పొట్టి, ప్రతి అక్షరం జాగ్రత్తగా పలుకుతారు. తెలుగు మీడియం తొమ్మిదో తరగతి కుర్రాడికి అమెరికా బ్యాండ్లు ఏం పాడుతున్నాయో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మైనే పాడుతుంటే పక్కన డిక్షనరీ పెట్టుకుని నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. సొంత భాష కానిదాన్ని గౌరవంగా పట్టుకున్నవాడి ఇంగ్లీషు అది. మా బోటివాళ్ళ ఇంగ్లీషుకి దగ్గరిది.

ఇంకో సంగతి. బ్యాండు పెట్టింది రూడాల్ఫ్. పాటల బాణీల్లో ఎక్కువ భాగం అతనివే. అయినా సోలోలు చాలావరకు పక్కవాళ్ళకి వదిలేసి, తను రిథమ్ గిటారు పట్టుకుని నిలబడతాడు. మా వైపు జముకుల కథ చూసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. కథ నడిపేవాడికి పేరొస్తుంది, కథ పడిపోకుండా పట్టుకునేది వంతగాడు. స్కార్పియన్స్‌లో యజమానే వంతగాడు. అరవై ఏళ్ళుగా ఆ బ్యాండు నిలబడడానికి కారణం ఇదేనని నా అనుమానం.

రోత్ వెళ్ళిపోయాక మాతియాస్ యాబ్స్ వచ్చాడు. 1979లో ‘లవ్‌డ్రైవ్’. నాలుగు పాటలు ఒక వైపు, నాలుగు ఒక వైపు. మొదటి వైపు ‘కోస్ట్ టు కోస్ట్’ అనే మాటల్లేని ముక్కతో ముగుస్తుంది, రెండో వైపు ‘హాలిడే’తో. ‘హాలిడే’ సన్నగా, ఒక్క గిటారుతో మొదలై చివరికి వచ్చేసరికి ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఆ పాటని విడిగా వింటే సెలవుల పాట. ముందున్న ఏడు పాటల చప్పుడూ విని అక్కడికి చేరితే, అలిసిపోయినవాడి పాట.

1981లో క్లౌస్ మైనే గొంతు పోయింది. స్వరతంత్రులకి ఆపరేషన్లు జరిగాయి. వేరే గాయకుణ్ణి చూసుకోండని తనే అన్నాడు. వీళ్ళు చూసుకోలేదు, ఆగారు. 1982లో వచ్చిన ‘బ్లాకౌట్’ అలా ఆగినందుకు దక్కిన ఆల్బం. మొదటి పాటలో ఆ అరుపు వినండి, కోలుకున్న గొంతుని పరీక్షించుకుంటున్నట్టు ఉంటుంది. ఆల్బం చివర ‘వెన్ ద స్మోక్ ఈజ్ గోయింగ్ డౌన్’ ఉంది. కచేరీ అయిపోయాక ఖాళీ అయిన వేదిక దగ్గరికి తిరిగొచ్చిన మనిషి పాట. గొంతు పోగొట్టుకుని తెచ్చుకున్నవాడు పాడుతున్నాడని తెలిసి వింటే దాని బరువు వేరు.

వీళ్ళని వెనకేసుకు రావడంలో కష్టాలూ ఉన్నాయి. 1976 నాటి ‘వర్జిన్ కిల్లర్’ అట్ట మీది బొమ్మని ఏ వాదనతోనూ సమర్థించలేం. చాలా దేశాల్లో దాన్ని మార్చేశారు, మార్చాల్సిందే. ఆడవాళ్ళ గురించి రాసిన కొన్ని పాటలు ఇప్పుడు వింటుంటే ఇబ్బందిగా ఉంటుంది. ఇష్టమైన ఆల్బాల్లో ఇలాంటివి తగిలినప్పుడు నేను దాటెయ్యను, ఇబ్బంది పడతాను. ఆ ఇబ్బందీ ఆల్బంలో భాగమే అనుకుంటాను.

ఇప్పుడు 1984, ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’. మొత్తం తొమ్మిది పాటలు. మొదటి వైపు ఐదు, రెండో వైపు నాలుగు. ‘రాక్ యూ లైక్ ఎ హరికేన్’ రెండో పాట. అందరికీ తెలిసింది అదే. నాకు నచ్చేది నాలుగో పాట ‘కమింగ్ హోమ్’. మెల్లగా, దిగులుగా మొదలై, ఉన్నట్టుండి పరుగు లంకించుకుంటుంది. రెండో వైపు చివర ఆరున్నర నిమిషాల ‘స్టిల్ లవింగ్ యూ’. మైనర్ స్కేలు పాట, మన లెక్కలో నటభైరవికి దగ్గర. దానికి ముందున్న ‘క్రాస్‌ఫైర్’లో డ్రమ్ములు సైనికుల కవాతులా మోగుతాయి. రెండు అగ్రరాజ్యాల మధ్య ఇరుక్కున్నవాడి పాట, జర్మనీ రెండు ముక్కలుగా ఉన్న రోజులు. ఆ కవాతు ఆగాక ‘స్టిల్ లవింగ్ యూ’ వస్తుంది. అందులో గోడ అన్న మాట వినపడగానే నాకు భార్యాభర్తల మధ్య గోడే కాదు, బెర్లిన్ గోడ కూడా కనపడేది. వాళ్ళు అలా అనుకుని రాశారని నేననను. వరుసలో వింటే అలా వినిపిస్తుంది. ఆల్బాన్ని ఆల్బంగా వినమని బతిమాలేది ఇందుకే.

1992లో శ్రీకాకుళంలో నాతో చదివే ఒకడి దగ్గర ఆ క్యాసెట్టు ఉండేది. వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదివే వాళ్ళన్నయ్యది. శనివారం ఇచ్చాడు, సోమవారం తెచ్చెయ్యాలన్నాడు. పక్కింటి నుంచి ఇంకో టేప్ రికార్డరు అడిగి తెచ్చాను. ఖాళీ క్యాసెట్టు లేదు. ఆదివారం శ్రీకూర్మంలో ఎక్కడ దొరుకుతుంది? అలమారలో మావయ్య మర్చిపోయిన క్యాసెట్టు ఉంది. విరిచేసిన పలుకుల కన్నాల మీద సెల్లోటేపు అంటించాను. దాని మీద ఏముందో తెలియక చేశానని చెప్పుకోవచ్చు. తెలుసు. తెలిసే చేశాను. అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆ పాటలు అమ్మకి వచ్చు, పెద్దమ్మకి వచ్చు, వీధిలో సగం మందికి వచ్చు కదా, ఎక్కడికి పోతాయి అనుకున్నాను. స్కార్పియన్స్ అయితే సోమవారం వెళ్ళిపోతారు.

ఆ రోజు రాత్రి మొదటి వైపు వేసుకుని విన్నాను. ‘ద సేమ్ థ్రిల్’ అయిపోయింది. టక్ మని చిన్న చప్పుడు. ఆ వెంటనే ఒక పెళ్ళిపాట మధ్యలోంచి, ఒక మాట మధ్యలోంచి, అమ్మమ్మ. నేను లేచి ఆపేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఏమీ అడగలేదు.

మరుసటి ఏడాది ‘క్రేజీ వరల్డ్’ దొరికింది. ఈసారి డబ్బులు పెట్టి కొన్నాను. 1990 ఆల్బం. పదిహేనేళ్ళ తర్వాత డీర్క్స్ లేకుండా చేసినది. అందులో నాలుగో పాట ‘విండ్ ఆఫ్ చేంజ్’ కోసమే అందరూ కొన్నారు. 1989 ఆగస్టులో మాస్కోలో జరిగిన సంగీతోత్సవానికి వెళ్ళొచ్చాక క్లౌస్ మైనే రాసిన పాట. పాట రాసిన కొద్దికాలానికే నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 డిసెంబరులో గోర్బచేవ్ ఈ బ్యాండుని క్రెమ్లిన్‌కి పిలిచి కలిశాడు. అదే నెల్లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. పాట మొదట్లో వచ్చే ఈల ఊళ్ళో తిరుగుతూ నేనూ వేసేవాణ్ణి.

నాన్న బడిపంతులు. శ్రీకాకుళం జిల్లాలో ఆయన వయసు పంతుళ్ళలో చాలామందిలాగే ఎర్రజెండా అభిమాని. మా పుస్తకాలకి అట్టలు ‘సోవియట్ భూమి’ నున్నటి కాగితాలే. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చినప్పుడల్లా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, బొమ్మలతో సహా, రూపాయికీ రెండు రూపాయలకీ కొనేవారు. నేను చదవడం నేర్చుకున్నది వాటితోనే. ఒకరోజు నా ఈల విని, అదేం పాటరా అన్నారు. మాస్కో గురించి అని ఉత్సాహంగా మొత్తం వివరించాను. విన్నారు. “ఇంక ఆ పుస్తకాలు రావురా” అని, చొక్కా తగిలించుకుని బడికి వెళ్ళిపోయారు.

ఆ మాట నాకు పాటని చెడగొట్టలేదు. చేజారిపోయినదాని లెక్క కూడా అందులో ఉందని చూపించింది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక క్లౌస్ మైనే వేదిక మీద ఆ పాట మొదటి మాటలు మార్చి పాడటం మొదలుపెట్టాడు. మాస్కో గురించి ఇంక అలా పాడలేనని అతనికి అనిపించింది. నాన్న అప్పటికి లేరు. ఉండుంటే ఇద్దరం కూచుని మాట్లాడుకోడానికి ఒక సంగతి దొరికేది.

మావయ్య 1993లో వచ్చాడు. వచ్చిన రెండోరోజే క్యాసెట్టు అడిగాడు. నేను చెప్పలేదు, తెచ్చి ఇచ్చాను. అరుగు మీద పెట్టుకుని నొక్కాడు. గిటార్లు మొదలయ్యాయి. ఇది కాదేమో అనుకుని తీసి చూశాడు. కన్నాల మీద సెల్లోటేపు చూశాడు. మళ్ళీ పెట్టి, రెండో వైపు తిప్పి, మొత్తం విన్నాడు. ‘స్టిల్ లవింగ్ యూ’ అయిపోయింది. టక్. లాలి పాట రెండో సగం. తర్వాత దగ్గు. దూరంగా గుడి మైకు. ఆఖరున అమ్మమ్మ మాట, “ఒరే, ఓడ మీద ఎవులు ఇంటార్రా ఇవి?” దానికి మావయ్య నవ్వు. అక్కడితో టేపు అయిపోతుంది.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. “ఈ పాట హాంబర్గ్‌లో ఇన్నాన్రా అల్లుడూ,” అన్నాడు చివరికి. క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. పట్టుకెళ్ళవా అంటే, “నానైతే ఇదంతా ముందుకి తిప్పేసి అమ్మ కాడికెళ్ళిపోతాను. నువ్వయితే రెండూ ఇంటావు. నీకాడే ఉండనీ.”

ఆ తర్వాత అమ్మ దగ్గర, పెద్దమ్మ దగ్గర కూచుని అడిగాను. అమ్మకి పల్లవులు వచ్చు, చరణాలు రావు. పెద్దమ్మకి పెళ్ళిపాటలు వచ్చు, ఊడుపు పాటలు మర్చిపోయింది. వీధిలో సగం మందికి వచ్చనుకున్నవి నలుగురు ముసలమ్మలకి తలా కొంచెం వచ్చని తేలింది. రాసుకున్నంత రాసుకున్నాను. బాణీలు రాసుకోవడం నాకు రాదు.

ఉద్యోగం వచ్చాక బెంగుళూరులో ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’ సీడీ కొన్నాను. క్యాసెట్టులో ఎప్పుడూ వినపడని చిన్న చిన్న చప్పుళ్ళన్నీ వినపడ్డాయి. రూడాల్ఫ్ గిటారు ఒక పక్క, యాబ్స్ గిటారు ఒక పక్క. ‘స్టిల్ లవింగ్ యూ’ చివర గొంతు పలచబడి, గిటారు సన్నగిల్లి ఆగిపోయింది. నేను కదలకుండా కూచున్నాను. ఏదీ రాలేదు. సీడీ తిరగడం ఆగిపోయింది. ఈ ఆల్బం ప్రపంచమంతా ఇక్కడితోనే అయిపోతుందని, నా ఒక్కడికే కాదని, అప్పుడు తెలిసింది.

క్యాసెట్టుని ఈమధ్యే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. చేసిపెట్టిన కుర్రాడు, చివర పది పది నిమిషాలు వేరే ఏదో ఉంది సార్, కోసెయ్యమంటారా అని అడిగాడు. పాటలనీ దాన్నీ విడగొట్టొద్దని, వైపుకి ఒక్కటే ఫైలు చెయ్యమని చెప్పాను.

మీ ఇళ్ళలో అలమారల్లో పాత క్యాసెట్లు ఉంటే అట్ట మీది పేరు చూసి పారెయ్యకండి. చివరి దాకా తిరగనివ్వండి. స్కార్పియన్స్‌ని కూడా అలాగే వినండి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో తిప్పకుండా.